మేకను అమ్మి కొన్న పాటలు

మేకను అమ్మి బండికి స్పీకర్లు కొన్న ఆడదాన్ని మా వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. ఎవరైనా ఈ మాట ఎగతాళిగా అన్నా నాకు కోపం రాదు, లోపల్లోపల కాస్త గర్వంగానే ఉంటుంది. ఆ మేక నాది. రాచర్లలో పిల్లగా కొని, బండిలో ఒళ్ళో పెట్టుకుని మార్కాపురం తెచ్చుకున్నాను. పెరిగి పెద్దయ్యాక అది పక్కింటివాళ్ళ చిక్కుడు పాదు మేయడమే పనిగా పెట్టుకుంది. రోజూ తగువులే. చివరికి విసుగొచ్చి అమ్మేశాను.

"ఆ డబ్బులతో చెవులకు కమ్మలు చేయించుకో," అన్నాడు మా ఆయన, అన్నం తింటూ.

"చెవులకే ఖర్చు పెడతా. కమ్మలు గాదు. బండిలో పాటల సెట్టు మార్పించాల," అన్నాను.

ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "పాటలకేమొచ్చింది? వస్తానే ఉండాయి గదా?"

"నీకు వస్తాండాయి. నా పక్క స్పీకరు పోయి నాలుగేండ్లాయె."

కూరలో ఉప్పు దగ్గర్నుంచి నేను కట్టుకునే చీర రంగు దాకా ప్రతిదానికీ అడ్డం తగిలే మనిషి, ఆ రోజు నోరు మూసుకుని అన్నం తిని లేచాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. సంతోషంలో పట్టించుకోలేదు.

మాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ట్రక్కు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక తొట్టి. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల నుంచి గిద్దలూరుకు, కంభానికి పలకరాయి టైల్సు తోలతాం. వచ్చేటప్పుడు గొర్రెలో, మేతో, ఏది దొరికితే అది. డ్రైవరు ఆయన. క్లీనర్ని నేను. వెనక్కి తీసేటప్పుడు దిగి "రానీ, రానీ" అని అరిచేదీ, సరుకు లెక్క చూసుకునేదీ, చెక్‌పోస్టు దగ్గర ఆయన నోరు జారకుండా చూసేదీ నేనే.

బండితో పాటు కంపెనీ బిగించిన సెట్టు ఒకటి వచ్చింది. తలుపుకొకటి చొప్పున రెండు స్పీకర్లు. ఆయన వైపుది మోగేది, అది కూడా చెవులు చిల్లులు పడేటట్టు. నా వైపుది మూగ. పాట నడుస్తుండగా జాలీ మీద అరచెయ్యి పెట్టి చూసేదాన్ని, చిన్న అదురు కూడా ఉండేది కాదు. "ఇది పోయింది," అని నేనంటే, "పోయినట్టుండాది," అని ఆయన. "పాటలన్నీ నువ్వే మింగుతాండావు, నాకొక ముక్క గూడా రానీకుండా," అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.

తిట్టేదాన్ని సరే. కానీ ఆ స్పీకరు పోయినందుకు లోపల కొంత ధైర్యంగా కూడా ఉండేది. ఎందుకో చెప్పాలంటే ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి.

బండెక్కక ముందు నేను పలకల ఫ్యాక్టరీలో తట్టే పని చేసేదాన్ని. కోసి నున్నగా రుద్దిన పలకను ఒక మూల పట్టుకుని వేలాడదీసి, మధ్యలో వేలి కణుపుతో తట్టాలి. మంచి పలకైతే ఖంగుమంటుంది. లోపల కంటికి కనబడని చీలిక ఉంటే మొద్దు శబ్దం వస్తుంది. దాన్ని పక్కన పడేయాలి. నేను తట్టిన పెట్టెలో చీలిక పలక ఉండదని అక్కడ పేరు. మా మేస్త్రీ కొత్తగా వచ్చినవాళ్ళను నా దగ్గర కూర్చోబెట్టేవాడు. నేను కూర్చునే చోటికి ఎడమ పక్కనే కోత మిషన్ ఉండేది. పొద్దున్నించి సాయంత్రం దాకా రాయి కోస్తూ అది పెట్టే కేకలు వింటూనే పనిచేశాను. ఎడమ చెవి ఎప్పుడు మందగించిందో నాకే తెలియదు. ఒకసారి నేను తట్టి పంపిన పెట్టె చీలికలతో వెనక్కి వచ్చింది. మళ్ళీ ఇంకొకటి. ఎవరూ ఏమీ అనకముందే, "దుమ్ము పడటం లేదు," అని చెప్పి మానేశాను. మా ఆయనకూ అదే చెప్పాను. నా చెవి మొద్దుబారిందని ఈ నోటితో ఎవరికీ చెప్పలేదు. పలక తట్టి లోపం చెప్పే మనిషికి తన లోపం చెప్పుకోవడం సిగ్గుగా అనిపించింది.

అందుకే ఆ స్పీకరు మీద నాకు కోపమూ ఉంది, కృతజ్ఞతా ఉంది. పాటలో మాటలు అందకపోతే స్పీకరు మీదకు తోసేయవచ్చు. ఆయనకు ఇష్టమైన జానపదం ఒకటి ఉంది. అందులో ఒక చోటికి రాగానే ప్రతిసారీ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతాడు. ఇంజను చప్పుడులో, గాలి హోరులో నాకు దరువు తప్ప మాట తెలిసేది కాదు. ఆయన్ని చూసి నేనూ నవ్వేదాన్ని. ఒక్కోసారి ఆయన నవ్వకముందే నవ్వేసి, ఆయన వింతగా చూస్తే కిటికీ వైపు తిరిగేదాన్ని.

మేక డబ్బు చేతికి రాగానే నాలో ఒకటే ఆశ. బాగా బలమైన స్పీకరు నా వైపు తలుపులో పెడితే, ఆ మొండి చెవిలోకి కూడా పాట దూరుతుందేమో! మిగతా చోట్ల ఎట్లా ఉన్నా, బండిలో ఆయన పక్కన కూర్చున్నంతసేపు నేను మామూలు మనిషిలా పాట వినాలి, నవ్వు వచ్చినచోట నవ్వాలి. దూరకపోతే? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇంకో వీడియో చూసేదాన్ని.

అవును, వీడియోలు. లోడు ఎత్తేటప్పుడు ఆయన వాళ్ళతో వీళ్ళతో మాట్లాడుతుంటే నేను సీట్లో కూర్చుని ఫోనులో బండ్లకు స్పీకర్లు బిగించే వీడియోలన్నీ చూశాను. యాంప్లిఫయరు అంటే ఏమిటో, ట్వీటరు ఎందుకో, తలుపు రేకు అదరకుండా లోపల ఏం అతికిస్తారో, అన్నీ కంఠతా వచ్చేశాయి. కొత్త స్పీకరుకూ తలుపుకూ మధ్య ఒక గట్టి రింగు పెట్టాలట. ప్లైవుడ్డుతో చేస్తారు. అది చూడగానే ఎగిరి గంతేశాను. ప్లైవుడ్డెందుకు, పలకుండగా! అదరదు, వానకు నానదు, మా ఇంట్లో కొట్టం నిండా ముక్కలే. చిన్న మిషన్ అరువు తెచ్చి, నీళ్ళు పోసుకుంటూ రెండు రింగులు నేనే కోశాను.

"ఎవరన్నా రాయి పెడతారంటే బండికి?" అన్నాడు మా ఆయన.

"మార్కాపురం బండికి పలక గాకుంటే ఏం పెడతారు?" అన్నాను.

మార్కాపురంలోనే ఒక కారు సెట్ల దుకాణం. దాన్ని నడిపేది ముప్పై ఏళ్ళ మనిషి, బాగా మాటకారి. బండిని చూడగానే, "అక్కా, పెద్ద సబ్‌వూఫర్ పెడదాం, బండి అదిరిపోవాల," అన్నాడు.

"నా బండి ఎప్పుడూ అదురుతానే ఉంటాది. పాటలో మాట తెలియాల, అది చాలు. ఇంకో సంగతి, నా దగ్గరుండేది ఒక మేక. మేక దాటకూడదు."

అతనికి అర్థం కాలేదు. మా ఆయన విడమరిచి చెప్పాక పగలబడి నవ్వి, ఓ మోస్తరు స్పీకర్ల జత, చిన్న యాంప్లిఫయరు తీసి బల్ల మీద పెట్టాడు. వాటిని పెట్టెలోంచి తీస్తుంటే బల్ల మీదకు వంగి మరీ చూశాను. పెళ్ళి చీర విప్పి చూసినప్పుడు కూడా నాకంత సంబరం లేదు, నిజం.

ముందు నా వైపు తలుపు అట్ట ఊడదీశాడు. లోపల్నుంచి పలక దుమ్ము దోసెడు రాలింది. దాని మధ్యలో నాలుగేళ్ళ నా శత్రువు, నల్లగా, గుండ్రంగా. దాన్ని బయటికి లాగి, ఒక పెన్సిల్ సెల్లు తీసుకుని రెండు వైర్లు తాకించాడు. 'టప్' మంది. మళ్ళీ తాకించాడు. మళ్ళీ 'టప్'.

"అక్కా, ఇది బాగుండాది గదా!"

నమ్మలేదు. వేళ్ళు పెట్టి చూశాను. సెల్లు తాకినప్పుడల్లా స్పీకరు మధ్యలోని కాగితం నా వేళ్ళ కింద ఎగురుతోంది. వైర్లు చూశాడు, అవీ బాగానే ఉన్నాయి. దాన్ని మళ్ళీ తలుపుకు తగిలించి, క్యాబిన్ ఎక్కి సెట్టు మీద ఏవో మీటలు నొక్కాడు.

"అదీ సంగతి! ఎవరో బ్యాలెన్సు మొత్తం కుడి పక్కకు తిప్పి పెట్టినారు. ఎడమ పక్కకు సౌండే పోదు. ఎక్కండక్కా, ఇప్పుడు వినండి."

ఎక్కి తలుపు వేసుకున్నాను. అతను బ్యాలెన్సు మొత్తం నా వైపుకు తిప్పి, కిందికి దిగి పాట పెంచాడు. అరచెయ్యి పెట్టి చూస్తే జాలీ గజగజలాడుతోంది. స్పీకరు నిక్షేపంలా ఉంది. నా ఎడమ చెవిలో మాత్రం బావిలో బిందె దొర్లినట్టు ఒక గుయ్‌మనే మోత. మాట లేదు. రాగం కూడా లేదు. ఆ మోతకు తల దిమ్మెక్కి, నాకు తెలియకుండానే చేత్తో చెవి మూసుకున్నాను.

అప్పుడే గుర్తొచ్చింది. బండి కొన్న కొత్తలో, మొట్టమొదటిసారి గిద్దలూరు పోతూ, సరిగ్గా ఇట్లాగే చెవి మూసుకున్నాను. ఆ తరువాతి ట్రిప్పు నుంచే నా వైపు స్పీకరు మూగబోయింది.

చెయ్యి దించి, కిటికీలోంచి చూశాను. మా ఆయన టైరు పరీక్ష చేస్తున్నాడు. ముందు రోజే గాలి పట్టించిన టైరు.

"ఏమయ్యా, నువ్వేనా?"

"ఆ," అన్నాడు టైరుతోనే.

"ఎందుకు చేసినావు?"

లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు. "అది మోగితే నువ్వు చెవి మూసుకుంటాంటివి. నేను మాట్లాడేది గూడా నీకు అందకపాయె. ఆ పక్కది ఆపేసి, ఈ పక్క సౌండు బాగా పెంచితే నీ మంచి చెవికన్నా వినపడతాదేమోనని తిప్పినా."

నీ మంచి చెవి. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో! ఇన్నేళ్ళు ఎవరికీ తెలియకుండా దాచుకున్నాననుకున్నదాన్ని ఆయన టైర్లో గాలి గురించి చెప్పినట్టు చెప్పాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే. వేరేవాళ్ళ బండి తోలుకుంటా లోడుకు వచ్చి దూరం నుంచి చూస్తాంటి. మొదట్లో పలక తట్టి ఊరకనే పక్కన పెడతాంటివి. తర్వాత్తర్వాత తట్టి, కుడి చెవి కాడికి తీసకపోయి మళ్ళా తట్టబడితివి. దుమ్ము పడకపోతే ఎవరూ అట్ల తట్టరు గదా?"

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "తెలిసి నాలుగేండ్లు నాతో తిట్లు తిన్నావే! స్పీకరు పోయిందని అబద్ధమాడితివే! నాతో చెప్పొచ్చు గదా!"

"నువ్వు చెప్పినావా?"

జవాబు లేనప్పుడు నేను మామూలుగా గొంతు పెంచుతాను. ఆ రోజు అదీ చేతకాలేదు. కొంగుతో మొహం తుడుచుకున్నాను. దుకాణమతను స్క్రూడ్రైవరు పట్టుకుని, ఎటు చూడాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అక్కా, మరి కొత్త స్పీకర్లు వద్దా?"

వద్దా? ఆ చెవి ఇక రాదని తేలిపోయింది. అంతవరకూ అది నాకు కొండంత భయం. తేలిపోయాక చూస్తే భయం పోయి చిన్న పనొకటి మిగిలింది, స్పీకరు ఎక్కడ పెట్టాలన్నది. సీట్లో సర్దుకుని కూర్చున్నాను. నా కుడి చెవి ఎటుంది? ఆయన వైపు. మా ఇద్దరి సీట్ల మధ్య, తలల వెనక క్యాబిన్ గోడ ఖాళీగా ఉంది, ఆయన తువ్వాలు వేలాడేసే చోటు. ఆ తువ్వాలు పీకి కింద పారేశాను.

"ఈడ! రెండూ ఈడనే పెట్టు!"

"రెండూ ఒక్కకాడనా? కుడి ఎడమ తేడా తెలియదక్కా. ఎవరూ అట్ల పెట్టించుకోరు."

"మాకు తేడా వద్దు. నాకుండేది ఒక్క చెవే, అది ఈ పక్కనే ఉండాది," అన్నాను. అంత గట్టిగా, నడిరోడ్డు మీది దుకాణంలో, ఒక కొత్త మనిషితో అన్నాను. అన్న తరువాత ఒళ్ళంతా తేలికైంది.

ఇక చూడాలి నా హడావిడి! చెక్క పెట్టె అతను చేస్తానన్నాడు. తలుపులకని కోసి తెచ్చిన రింగులు ఇక పనికిరావు గనక, దాని ముందు పలక నేనిస్తానన్నాను. సీటు వెనక ఎప్పుడూ రెండు మూడు మిగులు పలకలు ఉంటాయి. ఒకటి తీసి, మూల పట్టుకుని, తట్టి, ఎవరు చూస్తున్నారోనన్న భయం లేకుండా కుడి చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టాను. ఖంగుమంది. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు. "బాగుండాదా?" అన్నాడు. "బంగారంలా ఉండాది," అన్నాను. దుకాణంలోని చిన్న మిషన్‌తో రెండు గుండ్రటి రంధ్రాలు నేనే కోశాను. కష్టపడి కోసిన పలకను అతను స్క్రూ పెట్టి ఒక్క తిప్పు తిప్పేసరికి టక్కున రెండు పొరలుగా విడిపోయింది.

"అయ్యో, అది చెక్క అనుకున్నావా, అట్ల బిగిస్తివి! జరుగు!" అని స్క్రూడ్రైవరు లాక్కున్నాను. ఇంకో పలక కోసి, ముందు సన్నటి బెజ్జాలు వేసి, పాత సైకిలు ట్యూబు బిళ్ళలుగా కత్తిరించి స్క్రూల కింద పెట్టి, నాలుగు మూలలూ కొంచెం కొంచెంగా బిగించాను. ఆ తరువాత అతను నన్ను "మేస్త్రీ అక్కా" అనడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో పోయిన పేరు కారు సెట్ల దుకాణంలో దొరికింది. యాంప్లిఫయరు సీటు కిందికి పోయింది, వైర్లు చాప కిందికి పోయాయి, నా వైపు పాత స్పీకరు ఊడొచ్చింది. ఖర్చు మేక దాటలేదు. ఇంకా బిర్యానీ పొట్లాలకు మిగిలింది.

మరునాడు పొద్దున గిద్దలూరుకు లోడు. బండి ఊరు దాటేదాకా పాట పెట్టనివ్వలేదు నేను. గతుకులు అయిపోవాలి, కిటికీలు ఎక్కించాలి, అన్నీ సరిగ్గా ఉండాలి. కంభం దాటాక, "ఇంగ పెట్టు," అన్నాను. "ఏది?" అన్నాడు. "నువ్వు నవ్వే పాట."

దరువు మొదలైంది. తరువాత, నా కుడి చెవి పక్కనే ఎవరో కూర్చుని చెబుతున్నట్టు, మాట! ఒక్కొక్క మాట! ఇన్నేళ్ళుగా దరువు మాత్రమే విన్న ఆ పాట సంతకు పోయొచ్చిన మొగుణ్ణి పెళ్ళాం నిలదీసే పాట అని నాకు ఆ రోజే తెలిసింది. ఉప్పు మరిచిపోయాడు, బెల్లం మరిచిపోయాడు, గొడుగు మరిచిపోయాడు. ఒక్కొక్కటే ఆమె అడుగుతూ పోతుంది. నేను సీటు అంచుకు జరిగి ఊపిరి బిగబట్టి వింటున్నాను. ఆఖరికి తేలేదేమిటంటే, ఆమె అడుగుతున్నది ఫోనులో. తనతో వచ్చిన పెళ్ళాన్ని కూడా సంతలోనే మరిచి వచ్చాడు ఆ మహానుభావుడు!

పకపకా నవ్వేశాను. నా నవ్వు మొదలయ్యాక గానీ ఆయన నవ్వు అందుకోలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "మళ్ళా పెట్టు, మళ్ళా పెట్టు," అని ఆయన భుజం మీద కొట్టాను.

ఆయన వెంటనే పెట్టలేదు. బండి పక్కకు తీసి ఆపాడు. సెట్టు మీద మీట నొక్కి, తన వైపు తలుపులో ఇంకా మోగుతున్న పాత స్పీకరు ఆపేశాడు. నాలుగేళ్ళు నాకు వినపడాలని అది గొంతు చించుకున్నట్టు మోగింది ఆయన కుడి చెవి పక్కనే. క్యాబిన్ ఒక్కసారిగా నెమ్మదించింది.

"అబ్బ," అన్నాడు, కుడి చెవిని అరచేత్తో రుద్దుకుంటూ. "ప్రాణం లేచొచ్చింది."

నేను ఆ చెవి వంక చూస్తూ ఉండిపోయాను. తరువాత చెయ్యి చాపి పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాను, సౌండు సగానికి తగ్గించి.